పసిబిడ్డకు కానుక ఇవ్వడం నేర్పే విధానం

రెండు మూడేళ్ల బిడ్డకు దశమభాగపు లెక్క, అంటే రాబడిలో పదో వంతు చర్చికి ఇవ్వాలన్న లెక్క, అర్థం కాదు గాని, తన చేతిలోనిది మరొకరికి అందడం చక్కగా అర్థమవుతుంది. అందుకే, హైదరాబాదులో ఫోన్‌తో కానుక పంపే పెద్దలు సైతం బిడ్డ కోసం ఒక పది రూపాయల నోటు వేరుగా ఉంచాలి. నాణెం వద్దు; బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డుపడి ప్రాణాపాయం కలగవచ్చు.

శనివారం రాత్రే నోటును చూపి, "రేపు దీన్ని యేసయ్యకు ఇద్దాం, ఆకలిగా ఉన్నవాళ్లకు అన్నం పెడతారు" అని చెప్పండి. కానుకల సంచి దగ్గరికి వచ్చాకే బిడ్డ చేతికి అందించండి. ఇవ్వనని మారాం చేస్తే లాక్కోకండి. సణగకుండా, బలవంతం లేకుండా ఇవ్వాలని బైబిలులో అపొస్తలుడైన పౌలు రాసిన మాట (2 కొరింథీ 9:7) పసివారికీ వర్తిస్తుందని నా దృఢమైన నమ్మకం.

కోతపండుగ, అంటే పంటను మందిరానికి తెచ్చి దేవునికి అర్పించే పండుగ, జరిపే సంఘాలలో నేర్పడం మరింత సులభం. ముందురోజు మెహదీపట్నం రైతుబజారుకు బిడ్డను వెంట తీసుకువెళ్లి, తానే ఒక జామకాయనో సొరకాయనో ఎంచుకోనిచ్చి, దానిని మందిరంలో స్వయంగా పెట్టించండి. ఆరాధన తరువాత ఆ కానుకలను వేలం వేసినప్పుడు ఎవరో దానిని కొనుక్కొని వెళ్తుంటే, తాను ఇచ్చినది ఇక తనది కాదని బిడ్డ కళ్లారా చూస్తుంది. అప్పుడు ఏడిస్తే దగ్గరకు తీసుకోండి. అంతేగాని, బదులుగా చాక్లెట్ కొనివ్వకండి.