కారణాంకాలు వెతుకుతూ ఎక్కడ ఆగాలి?

నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలకి కారణాంకాలు, అంటే ఒక సంఖ్యని శేషం లేకుండా భాగించేవి, కనుక్కోవడం వచ్చు. ఎక్కడ ఆపాలో తెలీదు. 84కి రాయమంటే 1, 2, 3, 4 అని మొదలుపెట్టి, 83 దాకా వెళ్లాలేమోనని టెన్షన్ పడతారు. లేదంటే 12 దగ్గర విసుగొచ్చి, చివర్లో ఒక 84 తగిలించి చేతులు దులుపుకుంటారు.

అందుకే నేను విడివిడిగా రాయనివ్వను, జతలుగానే రాయిస్తాను. పేజీలో ఎడమ పక్క చిన్నది, కుడి పక్క దాని జోడీ. 1కి ఎదురుగా 84, 2కి 42, 3కి 28, 4కి 21. 5 కుదరదు. 6కి 14, 7కి 12. 8, 9 కుదరవు. 10 దగ్గరికి రాగానే పదిపదులు 100, 84 దాటిపోయింది, ఇక పెన్ను ఆపెయ్యొచ్చు. ఎందుకంటే 10 కన్నా పెద్దది ఏదైనా 84ని భాగిస్తే దాని జోడీ 10 కన్నా చిన్నదే అవ్వాలి. ఆ చిన్నది ఎడమ వరుసలో ఎప్పుడో వచ్చేసింది. ఇప్పుడు ఎడమ వరుసని పైనుంచి కిందికి, కుడి వరుసని కిందనుంచి పైకి చదివితే సరి: 1, 2, 3, 4, 6, 7, 12, 14, 21, 28, 42, 84.

36 లాంటి వర్గసంఖ్య వస్తే 6కి 6 తనే జోడీ. దాన్ని ఒక్కసారే రాయాలి. కారణాంకాల లెక్క బేసి వచ్చేది వర్గసంఖ్యలకి మాత్రమే.

గుణిజాలంటే ఒక సంఖ్య ఎక్కంలో వచ్చేవి, వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఎక్కం వస్తే చాలు. కాకపోతే “1000 దాటాక 17కి మొదటి గుణిజం ఏది?” అని అడిగితే ఎక్కం పట్టుకుని కూర్చోకండి. 1000ని 17తో భాగిస్తే శేషం 14. 17 నిండాలంటే ఇంకో 3 కావాలి. జవాబు 1003.

ఇక ప్రధాన సంఖ్య, అంటే 1, తను తప్ప వేరే కారణాంకాలు లేనిది. వేరేవి ఉంటే అది సంయుక్తం. 1ని పక్కన పెట్టండి, అది ప్రధానమూ కాదు, సంయుక్తమూ కాదు. 397 ప్రధానమా? ఇరవై ఇరవైలు 400 కాబట్టి 19 దాకా చూస్తే చాలు. అందులోనూ ప్రధాన సంఖ్యలే చూడాలి. 2తో పోనిది 4తో, 6తో ఎలాగూ పోదు. 397 బేసి, 2 కాదు. అంకెల మొత్తం 19, కాబట్టి 3 కాదు. చివర 0, 5 లేవు, 5 కాదు. 7కి రకరకాల చిట్కాలు చెబుతుంటారు గానీ, నా మటుకు నాకు నోటితో భాగించడమే త్వరగా తెములుతుంది. 397లో 350 పోతే 47, అందులో 42 పోతే 5 మిగిలింది. 11కి 396 పోగా 1. 13కి 390 పోగా 7. 17కి 340 పోతే 57, 51 పోతే 6. 19కి 380 పోగా 17. ఏదీ నిశ్శేషంగా పోలేదు. 397 ప్రధాన సంఖ్యే.

ఒక్క సంఖ్య కాకుండా 100 లోపు ప్రధాన సంఖ్యలన్నీ కావాలంటే క్రీ.పూ. 3వ శతాబ్దపు గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ జల్లెడే మేలు. 2 నుంచి 100 దాకా రాసి 2, 3, 5, 7లను ఉంచి వాటి మిగతా గుణిజాలన్నీ కొట్టేస్తే 25 సంఖ్యలు మిగులుతాయి. 7 వంతు వచ్చేసరికి కొత్తగా కొట్టేయడానికి ఉండేవి మూడే: 49, 77, 91. ఆ 91 దగ్గరే అందరూ బోల్తా పడతారు. అది 7×13.

పెద్ద సంఖ్య ఏదైనా ఒక వర్గానికి కాస్త కిందుగా కనిపిస్తే, దాని కారణాంకాల కోసం భాగహారం మొదలుపెట్టే ముందు 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా వాడిన పద్ధతి చూడండి. 391 అంటే 400లో 9 తక్కువ, అంటే 20 వర్గంలోంచి 3 వర్గం తీసేసినట్టు. కాబట్టి (20−3)×(20+3), అంటే 17×23. 899 కూడా అంతే, 900లో 1 తక్కువ, 29×31. తేడా వర్గసంఖ్య కాకపోతే తర్వాతి వర్గంతో ఒకటి రెండుసార్లు చూసి వదిలేయండి. పట్టుబట్టి 397 మీద ఇదే ప్రయోగిస్తే 199 వర్గం దాకా తిప్పుతుంది.