ఆదివారం విశ్రాంతికి శనివారమే పని మొదలు

ఆదివారం వచ్చిందంటే చాలా క్రైస్తవ ఇళ్లలో మామూలు రోజులకన్నా పరుగు ఎక్కువ. పొద్దున్నే మటన్ షాపు దగ్గర లైను, ఇస్త్రీ కాని చీర, ఎక్కడ పెట్టారో గుర్తురాని కానుక కవరు, రెండో కీర్తన పాడుతుండగా మందిరంలో అడుగు. మధ్యాహ్నం చుట్టాలు, సాయంత్రం ఎవరింట్లోనో కూటం. సోమవారానికి ఒళ్లు హూనమైపోతుంది. "దేవుని సన్నిధిలో గడిపినా ఈ నీరసం ఏమిటి?" అని తమ విశ్వాసాన్నే శంకించుకునేవాళ్లూ ఉన్నారు. అంత దూరం వెళ్లక్కర్లేదు, ముందు శనివారం ఎలా గడుస్తోందో చూసుకోండి.

బైబిలులో నిర్గమకాండం 16లో మన్నా సంగతి ఉంది కదా, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం. ఆరో రోజున మనిషికి రెండేసి ఓమెరులు, అంటే మామూలు రోజుకు రెట్టింపు కొలత, కూర్చుకున్నారు. కాల్చుకునేది కాల్చుకోండి, వండుకునేది వండుకోండి, మిగిలింది రేపటికి ఉంచుకోండి అని మోషే చెప్పాడు. ఏడో రోజు విశ్రాంతికి కావలసిన ఏర్పాటంతా ఆరో రోజే జరిగిపోయింది. మనమూ అదే చేయాలి.

శనివారం చేయాల్సినవి

కూరగాయలు, మాంసం శనివారం సాయంత్రానికే ఇంటికి చేరాలి. చికెన్ అయితే కడిగి ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి, కిలోకి అరకప్పు పెరుగు పట్టించి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మందిరం నుంచి వచ్చాక అరగంటలో కూర అయిపోతుంది. ఫ్రిజ్ లేకపోతే మాంసం రాత్రంతా ఉంచొద్దు, పాడవుతుంది. ఆ వారానికి పప్పుచారు, కోడిగుడ్డు వేపుడు, ఆవకాయ చాలు. ఆదివారం మాంసం తినాలని ఏ ఆజ్ఞా లేదు! ఇడ్లీ పిండి ముందే రుబ్బి ఉంటే పొద్దున రెండు వాయిలతో టిఫిను పని తీరిపోతుంది.

బట్టలు ఇస్త్రీ చేసి, బైబిళ్లు, పాటల పుస్తకం, కానుక, కళ్లజోడు ఒకే సంచిలో వేసి గుమ్మం దగ్గర పెట్టండి. బండిలో పెట్రోలు చూసుకోండి. రాత్రి తొమ్మిదిన్నరకల్లా టీవీ కట్టేసి, ఫోన్లు వేరే గదిలో ఛార్జింగుకు పెట్టేయండి. శనివారం రాత్రి సినిమా చూసి ఒంటిగంటకు పడుకున్నవాళ్లు ప్రసంగంలో కునికితే అది ప్రసంగం తప్పు కాదు.

ఇంట్లో ఎవరికి విశ్రాంతి?

విశ్రాంతి దినం పాటించమనే నాలుగో ఆజ్ఞ నిర్గమకాండం 20లోనూ ఉంది, ద్వితీయోపదేశకాండం 5లోనూ ఉంది. మొదటిచోట దేవుడు ఆరు దినాల్లో సృష్టి చేసి విశ్రమించాడన్నది కారణం. రెండోచోట మీరు ఐగుప్తులో (ఈజిప్టులో) దాసులై ఉండగా విడిపించాను, గుర్తుంచుకోండి అన్నది కారణం. అందుకే దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలని అక్కడ ప్రత్యేకంగా చెప్పాడు. మన ఇళ్లలో ఎక్కువగా పట్టించుకోనిది ఈ రెండో కారణమే. నాన్నగారు భోంచేసి నడుం వాలుస్తారు, పిల్లలు ఫోన్లు పట్టుకుంటారు, అమ్మ మాత్రం మూడింటిదాకా అంట్ల దగ్గరే ఉంటుంది. అలాంటి ఇంట్లో విశ్రాంతి దినం పాటించారని చెప్పలేం.

అందుకని కొన్ని నియమాలు పెట్టుకోండి. ఆదివారం కూరలు రెండు మించొద్దు. భోజనమయ్యాక అంట్లు మగవాళ్లు, పిల్లలు తోమాలి. పనిమనిషి ఉంటే ఆమెకు జీతం కోయకుండా సెలవివ్వండి. రెండింటి నుంచి నాలుగింటి వరకు ఇంట్లో ఎవరూ ఎవరికీ పని చెప్పకూడదు. సాయంత్రం కూటాలు రెండు మూడు ఉంటే ఒక్కదానికే వెళ్లండి. మిగతావాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్తే ఎవరూ నొచ్చుకోరు.

ఆదివారం డ్యూటీ పడే నర్సులు, ఆర్టీసీ డ్రైవర్లు, పోలీసులు విశ్రాంతి దినాన్ని వారంలో వేరే రోజు పెట్టుకోవచ్చు. కువైట్‌లో తెలుగు సంఘాలు శుక్రవారం ఆరాధించుకోవడం కొత్తేమీ కాదు, అక్కడ సెలవు ఆ రోజే. పాస్టరు గారికి, క్వయర్‌కి, సండేస్కూలు టీచర్లకు ఆదివారం పరిచర్య దినం, ఒంటికి మాత్రం పనిదినమే. పాస్టరు గారు సోమవారం విశ్రమిస్తుంటే ఆ రోజు ఆయనకు అత్యవసరమైతే తప్ప ఫోన్ చేయకపోవడం సంఘం చేయగల పెద్ద సాయం.

మిగతా ఆరు రోజులకు ఇరవై నిమిషాలు

ఇంట్లో అందరూ లేవకముందు ఒకే చోట, ఒకే సమయానికి కూర్చోండి. మంచం మీద వద్దు, నిద్ర ముంచుకొస్తుంది. పక్కన కాగితం, పెన్ను ఉంచుకోండి.

మొదటి రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. గ్యాస్ బుక్ చేయాలి, ఫీజు కట్టాలి అని ఏది గుర్తొచ్చినా కాగితం మీద రాసి పక్కన పెట్టేయండి. వద్దని తోసేస్తే అదే మళ్లీ మళ్లీ వస్తుంది.

తర్వాత ఎనిమిది నిమిషాలు చిన్న వాక్యభాగం ఒకటి పైకి, మెల్లగా రెండుసార్లు చదవండి. మొదటి వారానికి 23, 62, 121, 131 కీర్తనలు సరిపోతాయి. 131లో ఉన్నవి మూడే వచనాలు. ఆ తర్వాత మార్కు సువార్తకు వెళ్లండి. 16 అధ్యాయాలు, రోజుకు సగం చొప్పున నెలరోజులు వస్తుంది.

తర్వాత ఐదు నిమిషాలు మౌనం. ఇదే కష్టం. మనకు ప్రార్థనంటే ఎడతెగకుండా పలకడం అలవాటు, మాట ఆగితే ప్రార్థన ఆగిందనిపిస్తుంది. "యెహోవా నా కాపరి" అనుకుంటూ ఊపిరి పీల్చండి, "నాకు లేమి కలుగదు" అనుకుంటూ వదలండి. మనసు ఎటో పోతే విసుక్కోకుండా మళ్లీ ఆ మాటకే రండి. బస్సులోనైనా, ఆసుపత్రి లైనులోనైనా ఇది పనికొస్తుంది. చివరి ఐదు నిమిషాల్లో ముందు కృతజ్ఞత చెప్పి, ఆ తర్వాత మనవులు చెప్పుకోండి. అందాక రాసిన కాగితం మీది పనులూ అందులో చేర్చండి.

ఎక్కువగా బెడిసికొట్టేది ఫోన్‌లో బైబిలు చదివే చోట. వాక్యం తెరిచేలోపు వాట్సాప్ మోగుతుంది, గ్రూపులో ఎవరో పంపిన వచనానికి దండం పెట్టి పంపేసరికి పావుగంట గడిచిపోతుంది. ఈ ఇరవై నిమిషాలకు అచ్చు బైబిలే వాడండి. రెండోది, ఏడాదిలో బైబిలు పూర్తిచేయాలన్న పట్టుదల. 1,189 అధ్యాయాలంటే రోజుకు మూడు నాలుగు చదవాలి. ఫిబ్రవరి మొదట్లో లేవీయకాండం దగ్గర వెనకబడి, బాకీ తీర్చలేక మొత్తం మానేస్తారు. వెనకబడితే బాకీ వదిలేసి, ఆ రోజు భాగం నుంచి చదవండి. మూడోది, కొత్త సంవత్సరం ఆరాధనలో తీసిన వాగ్దానం కార్డుతో ఏడాదంతా గడిపేయడం. ఆ వచనం ఏ అధ్యాయంలో ఉందో ఒక్కసారైనా ఆ అధ్యాయమంతా చదవండి.

ఇంతా చేశాక ఎవరో తలుపు కొడతారు. మార్కు 6లోనూ అంతే. భోజనానికి కూడా తీరిక లేని శిష్యులను ఏకాంతంగా వచ్చి అలసట తీర్చుకోమని యేసు తీసుకెళ్తే, జనం వాళ్లకన్నా ముందే అక్కడికి చేరారు. ఆయన కనికరపడి బోధించాడు, వాళ్లకు భోజనమూ పెట్టించాడు. ఆ తర్వాత శిష్యులను దోనెలో పంపేసి, జనాన్ని సాగనంపి కొండకెళ్లి ప్రార్థించాడు. పొద్దున పోయిన ఇరవై నిమిషాలను రాత్రి పడుకునేలోపు తీసుకోండి.

ఉపవాసం, రాత్రి ప్రార్థనలు

ఇవి విశ్రాంతికి బదులు కావు. శుక్రవారం రాత్రంతా ప్రార్థనలో ఉంటే శనివారం పగలు నిద్రకు చోటు పెట్టుకోండి, తెల్లారగానే బండి నడపొద్దు. షుగరు మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉంటే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉపవాసం జోలికి పోకుండా ఆ పూట ప్రార్థనలో మాత్రం కలవొచ్చు.

ఇవేవీ పనిచేయనప్పుడు

1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవదూత అతన్ని మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు పెట్టి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. హోరేబు కొండ మీద దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. "నీకు విశ్వాసం తక్కువ" అని ఎవరైనా అంటే వాళ్లకు ఈ అధ్యాయం చూపించండి. డాక్టరు మందులు రాస్తే వేసుకుంటూనే ప్రార్థన చేసుకోండి, ఆపాలనిపిస్తే ఆయన్నే అడిగి ఆపండి.