ఫోన్‌లోనే స్వయం కోర్సు: చేరిక, పరీక్ష దరఖాస్తు, క్రెడిట్ చేతికందే దాకా

అమలాపురం, భీమవరం, నరసాపురం చుట్టుపక్కల కాలేజీల్లో చదివేవాళ్లలో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ ఉండదు. దానికి బెంగపడనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2017 జులైలో ప్రారంభించిన ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో చేరడం, పాఠాలు వినడం, అసైన్‌మెంట్లు పెట్టడం, ఫీజు కట్టడం అన్నీ ఫోన్‌లోనే అయిపోతాయి. పరీక్ష ఒక్కటే కేంద్రానికి వెళ్లి కంప్యూటర్‌పై రాయాలి. అయితే కోర్సులో చేరడం వేరు, పరీక్షకు దరఖాస్తు వేరు, క్రెడిట్ (డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింటు) జమ కావడం వేరు. మొదటిది చేసి మిగతావి వాటంతట అవే జరుగుతాయనుకుంటే సెమిస్టరంతా వృథా.

ముందు ఆధార్, అపార్

కోర్సు వెతకడానికి ముందే అపార్ ఐడీ, అంటే విద్యార్థికి ఇచ్చే 12 అంకెల గుర్తింపు సంఖ్య, సిద్ధం చేసుకోండి. క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాకు ఇదే గుర్తు. డిజిలాకర్ యాప్‌లోకి ఆధార్‌తో వెళ్లి, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని వెతికి, విద్యాసంస్థ, చేరిన సంవత్సరం, రోల్ నంబరు ఇవ్వాలి. సంస్థ దగ్గర డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవాలి: ఆదికవి నన్నయ పరిధిలోని డిగ్రీ కాలేజీవాళ్లు ఆ పేరు, కాకినాడ జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీవాళ్లు ఆ పేరు. అటానమస్ కాలేజీ అయితే ఏది పెట్టాలో పరీక్షల విభాగంలో అడిగి పెట్టండి.

కోనసీమలో ఎక్కువమంది ఆగిపోయేది ఓటీపీ దగ్గర. ఆధార్‌కు ఉన్నది నాన్నగారి నంబరు, ఆయనేమో కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు, ఇక్కడి సిమ్‌కు రీచార్జి ఉండదు. ఆ ఓటీపీ కోసం రోజులు పోగొట్టుకోవద్దు. ఆధార్ కేంద్రానికి గానీ, ఆ సేవ ఉన్న పోస్టాఫీసుకు గానీ స్వయంగా వెళ్లి మీ నంబరు పెట్టించుకోండి. నంబరు మార్పుకు పత్రాలేవీ అడగరు, వేలిముద్ర, ఫీజు చాలు.

పేరు కూడా అప్పుడే చూసుకోవాలి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరంగా ఉండడం మన దగ్గర మామూలే. అపార్‌లో ఒక పేరు, సర్టిఫికెట్‌పై ఇంకో పేరు ఉంటే క్రెడిట్ జతపడక చిక్కు వస్తుంది. మెమో ప్రకారం ఆధార్‌ను సరిచేయించుకుంటే ఇక ముందు ఉద్యోగ దరఖాస్తులకూ ఇబ్బంది ఉండదు.

కోర్సులో చేరడం

యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేయనివ్వవచ్చు. ఏ కోర్సును ఒప్పుకుంటుందో మాత్రం మీ విశ్వవిద్యాలయం చెప్పాలి. అందుకే కాలేజీలోని స్వయం సమన్వయకర్త దగ్గర కోర్సు పేరు, వారాల సంఖ్య చూపించి ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. స్వయంలో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో సాధారణంగా 4 వారాలకు 1 క్రెడిట్, 8 వారాలకు 2, 12 వారాలకు 3.

చేరడానికి ఫీజు లేదు. ఫోన్‌లో రెండు మూడు జీమెయిల్ ఖాతాలుంటే ఇక్కడే జాగ్రత్త పడాలి. ఏ మెయిల్‌తో చేరారో అదే మెయిల్‌తో పరీక్ష ఫారం నింపాలి. వేరే మెయిల్‌తో నింపితే మీ అసైన్‌మెంట్ మార్కులు ఆ దరఖాస్తుకు చేరవు. చేరిన రోజే మెయిల్ ఐడీ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి.

ఎన్‌పీటీఈఎల్‌లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. 12 వారాల కోర్సులో బాగా వచ్చిన 8, 8 వారాల కోర్సులో 6 అసైన్‌మెంట్లు లెక్కలోకి వస్తాయి. పాసవ్వాలంటే 25కి 10, 75కి 30 విడివిడిగా రావాలి, ఒకదాని లోటు మరొకటి పూడ్చదు. గడువులోగా ఎన్నిసార్లయినా మళ్లీ సమర్పించవచ్చు, చివరిదే లెక్క. జులై సెమిస్టర్ మొదలయ్యేది గోదావరి వరదల రోజుల్లోనే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కు రెండోది. లంక గ్రామాలవాళ్లు మొదటి హెచ్చరిక దాకా చూడకుండా, ప్రశ్నలు తెరుచుకున్న రోజే ఒకసారి సమర్పించేయాలి. తర్వాత కరెంటు, సిగ్నల్ ఉంటే మెరుగుపరచుకోవచ్చు. వీడియోలు కాలేజీ వైఫైలో తక్కువ రిజల్యూషన్‌లో దింపుకుంటే డేటా మిగులుతుంది.

పరీక్ష దరఖాస్తు

ఇది వేరే ఫారం. తెరిచినట్టు మెయిల్ వస్తుంది, స్పామ్‌లోనూ వెతకండి. ఎన్‌పీటీఈఎల్ ఫీజు కోర్సుకు 1,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ధ్రువపత్రం జతచేస్తే సగం. చెల్లించేముందు ఫారంలో చూపిన మొత్తాన్ని సరిచూసుకోండి.

ఫొటోను తెల్ల గోడ ముందు, పగటి వెలుగులో కొత్తగా తీయండి. పాత పాస్‌పోర్టు ఫొటోను మళ్లీ ఫోన్‌తో తీస్తే మెరుపు పడి ముఖం కనపడదు. సంతకం తెల్ల కాగితంపై పెట్టి, చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించాలి. ఫైల్ పరిమాణం ఫారంలో అడిగినంతే ఉండాలి. అపార్ ఐడీ గడి ఉంటే ఖాళీగా వదలొద్దు. ఫారంలో రాసిన పేరే సర్టిఫికెట్‌పై పడుతుంది.

పరీక్ష నగరాల జాబితాలో దగ్గరివి ముందుగానే నిండిపోతాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం కాబట్టి రేవు దాటాల్సిన అవసరం లేని ఊరు ఎంచుకుంటే మంచిది. యూపీఐలో డబ్బు పోయి ఫారం పెండింగ్ చూపిస్తే కంగారుపడి రెండోసారి కట్టొద్దు. కాసేపాగి మళ్లీ లాగిన్ అయి స్థితి చూడండి. అప్పటికీ మారకపోతే లావాదేవీ సంఖ్యతో సహాయ మెయిల్‌కు రాయండి.

హాల్ టికెట్ కాగితంపై ప్రింట్ తీయించి, అసలు గుర్తింపు కార్డుతో వెళ్లాలి. ఫోన్ లోపలికి రానివ్వరు.

క్రెడిట్ కోసం

ఫలితం తర్వాత క్యూఆర్ కోడ్ ఉన్న ఈ-సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని, ముందు తీసుకున్న అనుమతి పత్రాన్ని కలిపి పరీక్షల విభాగానికి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తర్వాత డిజిలాకర్‌లో క్రెడిట్ జమయిందో లేదో చూడండి. కనిపించకపోతే ముందుగా పరీక్ష ఫారం, డిజిలాకర్ రెండుచోట్లా పేరు, అపార్ అంకెలు పోల్చి, ఆ తేడాతోనే సమన్వయకర్తకు అర్జీ రాయండి.