నెలల తరబడి పెట్టెలో ఉండిపోయే గిటారు: సమస్యలు, పరిష్కారాలు

పిల్లలు చదువుకో ఉద్యోగానికో ఊరు దాటగానే గిటారు అటకెక్కడం తిరుపతిలో చాలా ఇళ్లలో జరిగేదే. అకౌస్టిక్ గిటారుకు అంతకంటే చెడ్డ చోటు ఇంట్లో మరొకటి లేదు. మే నెలలో పైన శ్లాబు కాలిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకు అదే చోటు చెమ్మగిల్లుతుంది. చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే గిటారు క్షేమం.

మెడ అంచున ఫ్రెట్లు (మెడకు అడ్డంగా ఉండే సన్నని లోహపు కడ్డీలు) గుచ్చుకుంటున్నాయి. పై చెక్క మీద సన్నని చీలిక

రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, గిటారు పై చెక్క మందమేమో సుమారు మూడు మిల్లీమీటర్లే. ఫింగర్‌బోర్డు (మెడ మీద వేళ్లతో నొక్కే పలక) చెక్క ఆరి కుంచించుకుపోతుంది, లోహపు ఫ్రెట్లు కుంచించుకోవు. అందుకే కొసలు బయటికి వస్తాయి. వెంటనే ఆకురాయి పట్టించకండి. తేమ తిరిగి చేరితే చాలాసార్లు అవే సర్దుకుంటాయి.

చీలికకూ ముందు తేమ, తర్వాతే జిగురు. ప్లాస్టిక్ సబ్బుపెట్టెకు రంధ్రాలు చేసి, తడిపి గట్టిగా పిండిన స్పాంజి అందులో పెట్టండి. దాన్ని కేసులో చెక్కకు తడి తగలని చోట ఉంచి, ఆరినప్పుడల్లా మళ్లీ తడపండి. కొన్ని వారాల్లో చీలిక దగ్గరపడుతుంది. అప్పుడు మరమ్మతు తెలిసినవారి చేత అతికించండి. తెరుచుకుని ఉండగానే జిగురు నింపేస్తే, వానలకు చెక్క ఉబ్బినప్పుడు సర్దుకునే చోటుండదు.

మీ గిటారు పై చెక్క ఒకే పలకో, ప్లైవుడ్డో తెలియాలంటే సౌండ్ హోల్ (మధ్యలోని గుండ్రటి రంధ్రం) అంచు మీద టార్చి వేయండి. పైన కనిపించే నార గీతలు అంచు మందం గుండా లోపలికి సాగితే అది ఒకే పలక. అడ్డంగా పొరలు కనిపిస్తే ప్లైవుడ్. ప్లైవుడ్ అంత తేలిగ్గా చీలదు.

తీగలు ఎత్తుగా లేచాయి, నొక్కితే వేళ్లు నొప్పి పుడుతున్నాయి

ఇది వానాకాలపు ఫిర్యాదు. పై చెక్క ఉబ్బి బ్రిడ్జిని (దాని మీద అతికించి, తీగలు బిగించే చెక్క ముక్కను) పైకి నెడుతుంది. పైగా స్టీలు తీగల మొత్తం లాగుడు సుమారు 70 కిలోలు. బ్రిడ్జి వెనక అంచు కిందికి విజిటింగ్ కార్డు మూల దూర్చి చూడండి. దూరితే అతుకు వదులుతున్నట్టే. వెంటనే తీగలు వదులు చేసి, బాగుచేసేవారి దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లోని సూపర్ గ్లూ మాత్రం పోయకండి, తర్వాత బ్రిడ్జి సరిగా అతికించడం వాళ్లకే కష్టమవుతుంది.

కార్డు దూరకపోతే కేసులో సిలికా జెల్ సంచులు పెట్టి రెండు వారాలు ఆగండి. ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండి దాని వంపును సరిచేసే లోహపు కడ్డీ) తిప్పే ఆలోచన ఆ తర్వాతే, అదీ ఒకసారికి పావు చుట్టు మించకుండా.

హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచే మీటరు) అంకె నమ్మశక్యంగా లేదు

సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా అయ్యేంత మటుకే నీటి చుక్కలు వేయండి. మూతను, మీటరును ఒకే జిప్ సంచిలో పెట్టి గాలి చొరకుండా మూయండి. మర్నాటికి మీటరు 75 దగ్గర ఉండాలి. 70 చూపిస్తే, ఇకపై అది చెప్పే ప్రతి అంకెకు అయిదు కలుపుకోండి.

కేసు అడుగున మెత్తటి పొడి, గిటారు మీద సూది మొన రంధ్రాలు

పుచ్చు పురుగు పట్టింది. గిటారును మిగతా చెక్క సామాను నుంచి వెంటనే వేరుచేసి, తెలిసినవారికి చూపించండి. మట్టి గీతలు కనిపిస్తే అవి చెదలు, గోడకూ మందు వేయించాలి. కలరా ఉండలు కేసులో వేయకండి. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

పికప్ (తీగల ధ్వనిని స్పీకరుకు పంపే పరికరం) ఉన్న గిటారు స్పీకరులో పలకడం లేదు

తొమ్మిది వోల్టుల బ్యాటరీ లోపలే కారిపోయి ఉంటుంది. దాచే రోజే తీసేయండి.

ఇంతకీ ఎక్కడ, ఎలా దాచాలి?

పడమటి ఎండ తగలని లోపలి గోడ పక్కన, నేలకు ఎత్తుగా, హార్డ్ కేసులో. తీగలను ఒక స్వరం మేర దించండి, పూర్తిగా వదిలేయకండి. ట్రస్ రాడ్ వాటికి ఎదురు లాగుతూ ఉంటుంది కాబట్టి మెడ వెనక్కి వంగవచ్చు. కేసు దగ్గర ఎయిర్ కూలర్ పెట్టకండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, నెలకోసారి కేసు తెరిచి మీటరు అంకె ఫోనులో చెప్పమనండి.