రోజుకో పాట, రోజుకో బొమ్మ – నాలుగో రోజు: గుట్టెక్కే చందమామ

నిన్నటి ‘వానా వానా వల్లప్ప’లో గిరగిర తిరిగే పిల్ల లంగా అంచు కోడిగుడ్డు ఆకారంలో రాకుంటే, ముందు దాన్ని ఇంకో రెండుసార్లు గీయండి. గుండ్రటి అంచును పక్కనుంచి చూస్తే అట్లనే కనబడుతుంది.

ఈ రోజు ‘చందమామ రావే’. పాటంతా వద్దు, ‘కొండెక్కి రావే, గోగుపూలు తేవే’ వరకే. 2బి (కొంచెం నలుపు), 6బి (మెత్తగా, బాగా నల్లగా పడేది) పెన్సిళ్లు, అరగంట సమయం చాలు.

కొండ అనగానే చెయ్యి మూడు మూలల గీత వేస్తుంది. బడిలో అలవాటైన గీత అది. నల్లగొండలో ఉండి అది వేయడం నాకు బాధగా ఉంటుంది. ఒకపక్క కాపురాల గుట్ట, ఇంకోపక్క లతీఫ్ సాహెబ్ గుట్ట పెట్టుకున్న ఊరు మనది. ఎండకు, వానకు మూలలు అరిగి గుండ్రబడిన రాతిగుండ్లు ఒకదాని మీదొకటి కూర్చున్నట్టుంటాయి. డాబా ఎక్కి చూస్తూ, పెన్సిల్ ఎత్తకుండా పై అంచు మాత్రమే గీయండి.

ఇక చందమామ. పిల్లల పుస్తకాల్లో కొండ మీద నెలవంక నిలువుగా ఉంటుంది. మన దగ్గర పొద్దుగూకినాక పడమట కనబడే నెలవంక చాలాసార్లు పడవలా వెల్లకిలా ఉంటుంది, పైగా అది దిగిపోయే చంద్రుడు. పాటలో ఎక్కి వచ్చేవాడు కావాలి. మాపటేళ తూర్పున పైకొచ్చేది పున్నమి చంద్రుడు. నేనైతే పున్నమి మర్నాటిని ఎంచుకుంటాను. సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు, అప్పటికి చీకటి పడి గుట్ట నల్లగా కనబడుతుంది. వెలుగు వెనకనుంచి కాబట్టి గుండ్ల మీద నీడలు, పగుళ్లు గీయొద్దు. మొత్తం 6బితో నింపండి.

చెయ్యి చాచి చిటికెనవేలి గోరు అడ్డం పెడితే చంద్రుడు పూర్తిగా దాగిపోతాడు. అంత చిన్నవాడు! పెద్దగా కనబడాలంటే ఆయన్ను పెంచకండి, గుట్టను దూరం జరిపి చిన్నది చేయండి. చంద్రుడికి రంగు వద్దు, చుట్టూ ఆకాశానికి 2బితో నీడ వేసి ఆ చోటు తెల్లగా వదిలేయండి.

ఈ బొమ్మకు ప్రాణం గోగుపువ్వు. మనం పుంటికూర అంటాం. లేత పసుపు రేకులు అయిదు, నడుమ ముదురు ఎరుపు. ప్రతి రేకు ఒక అంచు పక్క రేకు మీదికి, రెండో అంచు ఇవతలి రేకు కిందికి పోతుంది. ఈ మెలిక పట్టుబడితే పువ్వు వచ్చినట్టే. గోగు దొరక్కపోతే బెండపువ్వు చూసి గీయండి, రెండూ ఒకే కుటుంబం, దాదాపు ఒకే తీరు.

మా నాయనమ్మ అనేది: “బిడ్డా, గీ పువ్వును పొద్దుగాల్నే సూడాలె, మాపటికి ముడుసుకుంటది.” నిజమే, చంద్రుడు వచ్చేసరికి విప్పిన గోగు ఉండదు. అయినా విప్పిన పువ్వే వేయండి. బువ్వ తినని పిల్లకు తల్లి ముడుచుకున్న పువ్వును తెమ్మని అడగదు కదా! కాగితం కింది మూలలో, చంద్రుడికంటే పెద్దగా వేసి, రేకులను కూడా తెల్లగా వదిలేయండి. బొమ్మంతటిలో తెలుపు ఆ రెండే చోట్ల ఉండాలి.

రేపు ‘బండెక్కి రావే, బంతిపూలు తేవే’. ఊళ్లో ఎద్దులబండి కనబడితే చక్రానికి ఆకులు, అంటే నడుమనుంచి అంచుదాకా పోయే కర్రలు, ఎన్నో లెక్కబెట్టి రాసుకోండి.