క్రీట్ కుమ్మరుల పద్ధతిలో పెద్ద కాగు ఎలా చేయాలి?

గ్రీసుకు చెందిన క్రీట్ దీవిలో, హెరాక్లియో నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన థ్రప్సానో అనే కుమ్మరుల ఊరుంది. అక్కడ చేసే పెద్ద కాగును పిథారి అంటారు. మనిషి ఛాతీ ఎత్తు వచ్చేవి కూడా ఉంటాయి. ఆలివ్ నూనె, వైన్, ధాన్యం వీటిలోనే దాచుకునేవారు. 1878లో హెరాక్లియో వ్యాపారి మినోస్ కలోకెరినోస్ క్రీట్‌లోనే ఉన్న ప్రాచీన నగరం క్నోసోస్‌లో తవ్వినప్పుడు బయటపడిన వేల ఏళ్ల నాటి కాగులను చూస్తే, ఈ కాగులు వాటి వారసులేనని తెలిసిపోతుంది.

అంత బరువైన పచ్చి మట్టి కూలకుండా ఎలా నిలుస్తుంది? వాళ్లు ఒక్క కాగుతో పని మొదలుపెట్టరు. కందకంలో వరుసగా సారెలు పాతి, అన్ని కాగులనూ కలిపి పెంచుతారు. మొదటిదానికి ఒక వరుస మట్టి కట్టి రెండోదానికి, అక్కణ్నుంచి మూడోదానికి వెళ్తారు. చివరిది అయ్యేసరికి మొదటిది ఎండకు గట్టిపడి, పై వరుసను మోయడానికి సిద్ధంగా ఉంటుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. అందుకే మీరు కూడా ఒకటి కాదు, మూడు చిన్న కాగులు కలిపి మొదలుపెట్టండి. ఒక్కొక్కటి 40 సెంటీమీటర్ల ఎత్తు చాలు.

ముందు మట్టి. థ్రప్సానోలో మట్టిని ఎండబెట్టి, కర్రలతో కొట్టి, జల్లించి నానబెట్టేవారు. మీరు ఐదు పాళ్ల బంకమట్టికి ఒక పాలు సన్న ఇసుక కలపండి. ఇసుక లేకపోతే మందపాటి గోడ ఎండేటప్పుడు పగులుతుంది. చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా ఉండేలా బాగా మర్దించి, తడిగుడ్డ కప్పి ఒక రాత్రి ఉంచండి.

తిప్పుడు పీట మీద బూడిద చల్లి, ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన అడుగు పరచండి. అరచేతుల మధ్య మట్టిని బొటనవేలంత లావు తాడులా పేని, అంచు చుట్టూ పెట్టి, లోపలా బయటా వేళ్లతో కిందికి రుద్ది అతకండి. ఇంకొకరు పీటను నెమ్మదిగా తిప్పుతుంటే మీరు తడిచేత్తో గోడను పైకి లాగి నున్న చేయండి. క్రీట్‌లో ఆరుగురి జట్టు ఉండేది. దాని పేరు వెండేమా. సారె తిప్పడానికే అందులో ఒక మనిషి. వేసవిలో ఇలాంటి జట్లు ఊరూరా తిరిగి, కాగులు అక్కడికక్కడే చేసిచ్చేవి.

ఒక వరుస 8 సెంటీమీటర్లు దాటనివ్వకండి. అక్కడ ఆపి, అంచు మీద మాత్రం తడిగుడ్డ వేసి, రెండో కాగుకు వెళ్లండి. గోరు నొక్కితే గుర్తు పడాలి, వేలికి మట్టి అంటకూడదు. అప్పుడే పై వరుస వేయాలి. నేను మొదటిసారి ఒకే కాగు పెట్టుకుని తొందరపడ్డాను, మూడో వరుస బరువుకు బొజ్జ పక్కకు జారిపోయింది. దాన్ని మళ్లీ నిలబెట్టడం కుదరలేదు.

పై వరుస వేసే ముందు అంచు మీద గీతలు గీసి, చిక్కటి మజ్జిగలా కలిపిన మట్టి పూయండి. అతుకు మీద బయటివైపు సన్నటి మట్టి పట్టీ వేసి వేలితో నొక్కుతూ పోండి. పిథారి ఒంటి మీద కనిపించే పట్టీలు అందానికే కాదు, అతుకులకు బలం కూడా. మన కుమ్మరులు చెక్కతో తట్టి కుండ గోడను పలుచన చేస్తారు. ఇందులో తట్టడం ఉండదు, కాబట్టి అతుకులోనే జాగ్రత్తంతా.

మెడ, మూతి, పిడులు చివర్లో. పిడులకు కూడా గీతలు గీసి, మట్టి పూసే అతికించాలి.

తర్వాత గాలి ఎక్కువ తగలని నీడలో కనీసం రెండు వారాలు ఆరనివ్వండి. చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతోందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

కాల్చడానికి దగ్గర్లో ఉన్న కుమ్మరిని అడిగి ఆవంలో చోటు తీసుకోవడం మంచిది. మీ కాగు గోడ మామూలు కుండ కన్నా మందమని ముందే చెప్పండి. మొదటి కొన్ని గంటలు సన్న సెగే ఉండాలి. ఒక్కసారి మంట పెంచితే లోపలి తడి ఆవిరై గోడను పగలగొడుతుంది. కాలాక ఆవం పూర్తిగా చల్లారేదాకా తెరవొద్దు. ఇలా కాల్చిన కాగుకు నూనె ఊరుతుంది కాబట్టి బియ్యం, పప్పులు పోసుకోండి.