నాన్నకి ప్రోస్టేట్ పెరిగిందా? బెంగళూరులో చూపించేముందు

రాత్రిపూట నాలుగైదుసార్లు లేస్తున్నారు, ధార సన్నబడింది, పోసొచ్చినా ఇంకా మిగిలినట్టే ఉందంటున్నారు అంటే, వయసుకి మామూలేలే అని వదిలేయకుండా యూరాలజిస్టుకి చూపించండి. మూత్రం ధార ఎంత వేగంగా వస్తుందో కొలిచే యూరోఫ్లో పరీక్షకి మూత్రాశయం నిండుగా ఉండాలి కదా అని మారతహళ్లిలోనే లీటరు నీళ్లు తాగించి బయల్దేరారో, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో పెద్దాయన నరకం చూస్తారు. ఆస్పత్రికి చేరాకే తాగించండి.

ముందు మందులే. టామ్సులోసిన్ కొద్దిరోజుల్లోనే తేలిక చేస్తుంది, కానీ లేవగానే కళ్లు తిరగొచ్చు. శుక్లాల ఆపరేషన్ ఉంటే ఇది వాడుతున్నట్టు కంటి డాక్టరుకి ముందే చెప్పాలి. డ్యుటాస్టెరైడ్ ప్రోస్టేట్ గ్రంథిని చిన్నది చేస్తుంది, దానికి 6 నెలలు ఓపిక పట్టాలి, పైగా ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం కోసం రక్తంలో చూసే పీఎస్ఏ అంకెని దాదాపు సగానికి దించేస్తుంది కాబట్టి రిపోర్టు చూసే డాక్టరుకి ఆ సంగతి తెలియకపోతే క్యాన్సర్ ఉన్నా అనుమానం రాకుండా పోవచ్చు.

మాటిమాటికీ మూత్రం ఆగిపోవడం, ఇన్ఫెక్షన్లు, మూత్రాశయంలో రాళ్లు, కిడ్నీ దెబ్బతినడం ఉంటే ఆపరేషన్ అవసరం పడుతుంది. గ్రంథిని లోపలినుంచే ముక్కలుగా కోసి తీసే టర్ప్, లేదంటే లేజర్‌తో ఒలిచి తీసే హోలెప్. గ్రంథి మరీ పెద్దదైనా హోలెప్ పనికొస్తుంది. రెండూ మూత్రనాళం గుండానే, పొట్ట మీద కోత ఉండదు. తర్వాత చాలామందికి వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. ఈ ముక్క మీరు చెప్పలేకపోతే డాక్టరునే చెప్పమనండి.

జలుబు మాత్రలు మాత్రం మెడికల్ షాపులో అడిగి వేసుకోనివ్వొద్దు, కొన్నిటివల్ల మూత్రం పూర్తిగా బిగుసుకుపోతుంది. అలా అయితే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.